పుస్తకంలో అచ్చయిన కెలమంగలం

మా చిన్నప్పుడు... తమిళనాడులో, హోసూరు పక్కనుండే మా కెలమంగలం టెంటు సినిమాలో ఇసక మీద కూర్చుని నేనూ, మా చెల్లెలు రత్నా ఒక ఇనుప మనిషి సినిమా చూశాం. ఆ ఇనుప మనిషి ఓ చిన్న పాపను భుజాన ఎక్కించుకుని చుక్కల్లోకి వెళ్లిపోతాడు. పాప కిందికి చూసి "అమ్మా" అని పిలుస్తుంది... అంతే. "మిగతా కథ రెండో భాగంలో" అని ఒక గొంతు వినిపించింది. లైట్లు వేసేశారు.

రత్న ఏడుపు ఎత్తుకుంది. సినిమా మిషను ఆడించేది మా మునిరాజు మామే, అమ్మకు తమ్ముడు. పరుగున వచ్చి రత్నను ఎత్తుకున్నాడు.

"ఏడవద్దమ్మా. ఉగాదికంతా రెండో భాగం తెస్తాను. దాంట్లో పాప ఇంటికొచ్చేస్తుంది."

ఉగాది వచ్చింది, పోయింది... మైకు కట్టిన బండి వీధిలోకి వస్తే చాలు, రత్న అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తేది. వేరే సినిమా పేరు విని మొహం వేలాడేసుకుని వచ్చేది. మామ మా ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా దాని కంటబడకుండా మల్బరీ తోటలోంచి వచ్చి, అటునుంచి అటే పోయేవాడు. ఓ రోజు అమ్మతో అంటుంటే విన్నాను.

"సినిమా డబ్బాలు తెచ్చేవాడు చెప్పినాడక్కా. మొదటిదే ఆడలేదంట, రెండోది తీసేది లేదంట. బిడ్డకి ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

కొన్నాళ్లకు ఆయనే వీధి వాకిట్లోంచి సంబరంగా వచ్చాడు. చేతిలో పుస్తకం... అట్ట మీద అదే ఇనుప మనిషి. సినిమాగా రాని రెండో భాగాన్ని, కథ రాసినాయన నవలగా వేశాడట. మామ దాన్ని హోసూరు బస్టాండులో చూసి కొనుక్కొచ్చాడు.

"చదువప్పా" అని నా చేతిలో పెట్టాడు.

తెరిచాను... ఒక్క అక్షరం తెలియదు. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివేది తమిళం. మామదీ తమిళం చదువే. అమ్మకు ఏదీ రాదు. మన భాష పుస్తకమే కదా అనుకున్నాడు గానీ, మన భాష మనకు చదవడం రాదన్న సంగతి ఆ సంబరంలో తట్టలేదు పాపం.

రత్న ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. మామ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, గొంతు సవరించుకుని, 'చదవడం' మొదలుపెట్టాడు. పట్టుపురుగులకు ఆకు తరుగుతున్న అమ్మ, కత్తి ఆపి తమ్ముడిని ఒకసారి చూసింది... మళ్లీ తరగసాగింది. ఇనుప మనిషి చుక్కలన్నీ దాటి, చివరికి పాపను తెచ్చి కెలమంగలం బస్టాండులో దించాడు.

"మన ఊరేనా మామా?"

"మన ఊరేనమ్మా. ఇదో, ఈడ రాసుంది."

మా ఊరి పేరు పుస్తకంలో అచ్చయిందని రత్న బడంతా చెప్పుకుని తిరిగింది.

రెండు వేల సంవత్సరం తర్వాత నేను హోసూరులో ఫ్యాక్టరీ పనికి చేరాను. ఆంధ్రా నుంచి వచ్చిన తోటివాళ్ల దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మొదట చదివింది ఆ నవలే. అందులో పాప తిరిగి రాదు... ఆ చీకట్లోనే ఉండిపోతుంది. కెలమంగలం ఊసే లేదు. మామకు చెప్పాను.

"అట్లేమో అని నాకు భయంగానే ఉండె" అన్నాడు. మళ్లీ తనే, "రత్నకి చెప్పొద్దప్పా" అన్నాడు.

చెప్పలేదు. మామ పోయాక రత్న ఆ పుస్తకాన్ని దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. పోయిన నెల వాళ్లింటికి వెళితే, కూతుర్ని వెంటబెట్టుకుని దాన్ని నా ముందుకు తెచ్చింది.

"నీకు చదివేది వచ్చు గదన్నా. మన ఊరి పేరు యాడుందో బిడ్డకి చూపించు."

చివరి పేజీ తీసి ఒక మాట మీద వేలు పెట్టాను... అది 'చీకటి'. రత్న దాన్ని తడిమి, కూతురి వేలు కూడా దాని మీద పెట్టించింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మామ చదవడం రాక, ఏడ్చే పసిబిడ్డ కోసం చేశాడు. నేను చదవడం వచ్చి కూడా చేశాను.

నిన్న రత్న ఫోను చేసింది. పక్కింట్లోకి ఆంధ్రా టీచరమ్మ అద్దెకు దిగిందట... పిల్లకు తెలుగు దిద్దిస్తోందట.

"క గుణింతం అయిపోయిందన్నా" అని మురిసిపోయింది.

ఇంట్లో ఒక భాష, బళ్లో ఒక భాషతో పెరిగినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు... మీకూ ఇలా రాని అక్షరాల్లోంచి కథ చదివి వినిపించినవాళ్లు ఉంటే రాయండి, వాళ్ల గురించి వినాలని ఉంది. మా కాలంలో మామ చెప్పిందే అచ్చు. ఇప్పుడు మేనకోడలు మన అక్షరాలు నేర్చుకుంటోందంటే సంతోషించాల్సినవాణ్ణి... ఆ చివరి పేజీ మాటలోని 'చ' దాకా రావడానికి ఇంకెన్నాళ్లు పడుతుందోనని చూస్తున్నాను.