రెండూ ఎడమ చేతులే

నాకు కుట్టుపని వచ్చని మా అమ్మ పెళ్ళిచూపుల్లో చెప్పేసింది. పక్కనే తలొంచుకుని కూర్చున్న నేను ఉలిక్కిపడ్డాను గానీ, పెళ్ళిచూపుల్లో పిల్ల తలెత్తి "అబద్ధం" అనడానికి లేదు కదా. కోటవురట్లలో ఒక టైలరమ్మ దగ్గరికి వేసవి సెలవుల్లో నెలన్నర వెళ్ళిన మాట నిజమే. అక్కడ నేను నేర్చుకున్నవి హుక్కులు కుట్టడం, చీరకి ఫాల్ వేయడం, మిగతా సమయంలో కబుర్లు చెప్పడం. దాన్ని కుట్టుపని అంటే కుట్టేవాళ్ళెవరూ ఒప్పుకోరు.

పెళ్ళయి నర్సీపట్నం కాపురానికి వచ్చేసరికి ముందుగదిలో కిటికీ పక్కన కొత్త కుట్టుమిషను నా కోసం ఎదురుచూస్తోంది. అత్తగారు దానికి పసుపూ కుంకుమా పెట్టి, పూలగుడ్డ కప్పి ఉంచారు. కోడలికి కుట్టొచ్చని వీధంతా చెప్పుకున్నారట. తలగడ గలీబులతో, కిటికీ తెరలతో ఏడాదిపాటు నెట్టుకొచ్చాను. ఎవరైనా జాకెట్టు గుడ్డ పట్టుకొస్తే "కళ్ళు లాగుతున్నాయండీ" అనేదాన్ని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు.

అలా గుట్టుగా సాగుతున్న కాపురంలోకి మా ఆడపడుచు పిక్నిక్ వచ్చిపడింది. తొంభైల చివర్లో మాట. తనది డిగ్రీ ఆఖరి సంవత్సరం. క్లాసులో ఆడపిల్లలంతా కలిసి ఏటికొప్పాక వెళ్ళి, లక్కబొమ్మలు చేసేది చూసి, వరాహ నది ఒడ్డున భోజనాలు చేద్దామనుకున్నారు. అందరూ పాత సినిమాల్లో హీరోయిన్లలా తయారై రావాలని షరతు పెట్టుకున్నారు.

"వదినా, బుట్టచేతుల జాకెట్టు, పట్టులంగా, వోణీ. నువ్వే కుట్టాలి. అందరూ టైలరుకిత్తన్నారు, మాకు ఇంట్లోనే ఉన్నారని సెప్పీసేను" అంది.

"నా కళ్ళు..." అన్నాను.

"పగలే కుట్టు" అంది.

అత్తగారు బీరువాలోంచి తన పెళ్ళినాటి చీర తీశారు. ముదురు ఆకుపచ్చ పట్టు, మామిడిపిందెల జరీ అంచు. ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరారు.

"మడతల్లో ఉండి సిరిగిపోడం కన్నా పిల్ల ఏసుకుంటే బాగుంటాది. నువ్వు కత్తెర పెట్టమ్మా. బయటోళ్ళ సేతికైతే ఇవ్వను" అన్నారు. ఆ ఆఖరి మాటతో టైలరు దారి కూడా మూసుకుపోయింది.

లంగా తేలిగ్గానే అయిపోయింది. నిలువు కుట్లు, నడుం దగ్గర కుచ్చులు, అంతే. దాంతో ధైర్యం వచ్చేసింది. ఆడపడుచు పాత జాకెట్టు ఒకటి ఆదికి ముందు పెట్టుకుని, దాని కొలతల ప్రకారం కొత్త జాకెట్టు ఒళ్ళు కూడా కుట్టేశాను. ఇక చేతులు. మామూలుగా బట్టని మడతపెట్టి రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తారు. అప్పుడు ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ వాటంతట అవే వస్తాయి. మా టైలరమ్మ ఆ పాఠం చెప్పిన రోజు నేను సంతకి వెళ్ళాను. పైగా మిగిలిన బట్ట కాస్తే, రెండు చేతులకీ అంచు రావాలి. అందుకని అంచు వెంబడి కాగితం పెట్టి ఒక చెయ్యి కత్తిరించాను, అదే కాగితాన్ని పక్కకి జరిపి రెండోది కత్తిరించాను. బట్ట కలిసొచ్చిందని మురిసిపోయాను కూడా.

పిక్నిక్ ముందురోజు మధ్యాహ్నం చేతులు అతికించాను. ఎడమది ముచ్చటగా కూర్చుంది. కుడిది ముందుకి ఉబ్బి, వెనక లాగేస్తోంది. విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ విప్పాను. నాలుగోసారికి గానీ బుర్రకెక్కలేదు, రెండూ ఎడమ చేతులేనని. తిరగేసి కుడదామంటే జరీ వెనక దారాలన్నీ బయటికొస్తాయి. వేరే కత్తిరించడానికి బట్ట లేదు. పోనీ వోణీ కింద దాచేద్దామంటే, వోణీ వేసేది ఎడమ భుజం మీద, పాడైంది కుడిది.

పక్కగదిలో ఆడపడుచు అద్దం ముందు నిలబడి రెండు జడలు వేసి చూసుకుంటోంది. "ఆకరి పిక్నిక్ వదినా, తరవాత ఎవరెక్కడుంటామో" అంటోంది. నోరుమూసుకుంటే రేపు అంతమందిలో తను నవ్వులపాలవుతుంది. నోరు విప్పితే నా ఏడాది నాటకం బయటపడుతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, పది నిమిషాలు నేను నా పరువు వైపే ఉన్నాను.

తర్వాత జాకెట్టు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"అత్తయ్యగారూ, నాకు కుట్టు రాదండీ."

"ఏటీ?" అన్నారు, గరిటె గాల్లో పెట్టి.

"అసలు రాదండీ. మా అమ్మ ఊరికే చెప్పింది. మీ చీర పాడుచేసేశాను."

ఏడుపు ఆగలేదు. ఆవిడ జాకెట్టు చేతులు రెండూ తిప్పి చూశారు, నన్ను చూశారు, స్టవ్వు ఆపారు. తిట్ల కోసం సిద్ధపడ్డాను. "ముందు బేగి పద. ఆ టైలరు టీకెల్లిపోతే మరి దొరకడు" అన్నారు.

అబీద్ సెంటర్లో టైలరు జాకెట్టు వెలుతురులో పెట్టి చూసి, "ఇది ఎవరు కత్తిరించేరమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా అత్తగారు "నేనే. సూపానట్లేదు బాబూ" అన్నారు.

"బుట్టచెయ్యి కాబట్టి బతికిపోయేరు. కుచ్చుల్లో బట్టుంది. రెండూ విప్పి పైన మళ్ళీ కత్తిరించి సదిరేత్తాను. గంట కూకోండి."

బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ గొంతు తగ్గించి అన్నారు.

"నేను బాగా పాడతానని సెప్పేరు మావోళ్ళు, పెళ్ళిసూపుల్లో. మీ మావగారు పాడమన్నారు. గొంతు బాగులేదన్నాను. పెళ్ళయ్యేకా అడిగేరు. గొంతు బాగులేదన్నాను. ముప్పయ్యేళ్ళైపోనాది."

నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వేశారు. టైలరు మిషను ఆపి మావైపు చూశాడు.

"నవ్వుతావు గానీ, నాకు పాటంటే ఇష్టమేనమ్మా" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "పని సేసుకుంటా కూనిరాగం తియ్యాలనిపిత్తాది. తీత్తే రాదని తెలిసిపోద్ది గదా. అందికే ఎప్పుడూ తియ్యలేదు."

నా నవ్వు ఆగిపోయింది. ఏడాదికే నాకు ఊపిరాడలేదు. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో పెదవి కదపకుండా తిరిగారు.

మర్నాడు పొద్దున్న ఆడపడుచు ఆకుపచ్చ పట్టులో మెరిసిపోతూ బస్సెక్కింది. కిటికీలోంచి కుడిచెయ్యి బాగా పైకెత్తి ఊపింది. ఎక్కడా లాగలేదు.

ఇంటికొచ్చి వరండాలో బెండకాయలు తరుగుతున్నాను. మావగారు పేపరు చదువుకుంటున్నారు. వంటింట్లోంచి సన్నగా ఏదో రాగం మొదలైంది. శ్రుతి లేదు, తాళం అంతకన్నా లేదు. మావగారు పేపరు దించి కాసేపు విన్నారు. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు.

"ఏటే, గొంతు బాగయ్యిందా?"

లోపల పాట టక్కున ఆగింది.

"ఇప్పుడిప్పుడే" అన్నారు అత్తగారు. కాసేపటికి మళ్ళీ ఎత్తుకున్నారు, ఈసారి కొంచెం గట్టిగా.