పెల్విక్ ఫ్లోర్ ఎన్నో అంతస్తు?

రెండేళ్ళ కిందటి జూలై నెల, రెండో మంగళవారం, ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు హైటెక్ సిటీలో పద్దెనిమిది అంతస్తుల అద్దాల మేడ ముందు గొడుగు పట్టుకుని నేను ఆటో దిగాను. ఆ తరువాత ఇరవై తొమ్మిది నిమిషాలకల్లా, నా ఒంట్లో ఏది సరిగా పనిచేయడం లేదో ఆ మేడలో తెలియని మనిషి లేడు.

చిన్నతనంలో చేసిన తప్పు అని సర్దుకుందామంటే వీలు లేదు. అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు డెబ్భై. ఆ అరవై ఎనిమిదేళ్ళ పిల్లకు బుద్ధి తక్కువ, బింకం ఎక్కువ.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా నాకు చీర తడిసేది. నాలుగేళ్ళుగా ఇదే వరస. ఎవరికీ చెప్పలేదు. తెనాలిలో ముప్ఫై ఒక్కేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. క్లాసులో పిల్లలు చిటికెన వేలు చూపిస్తే "బెల్లు కొట్టేదాకా ఆగలేవూ?" అని గద్దించిన నోరు ఇది. ఆ నోటితో ఈ మాట ఎలా చెప్పను?

పైగా భయం. కొండాపూర్‌లో మా అబ్బాయి, కోడలు స్వప్న, అప్పటికి మూడేళ్ళ మనవరాలితో కలిసి ఉంటున్నాను. మా ఎదురు ఫ్లాటు పెద్దావిడకు ఇదే బాధ ఉందని ఇంట్లో తెలిసిన వారానికి, ఆవిడ గది గడియ ఊడదీశారు. ఒక మనిషిని కాపలా పెట్టారు. ఇప్పుడావిడ కొత్తిమీర కట్ట కొనుక్కోవడానికి కూడా ఒంటరిగా గేటు దాటలేదు. నేనైతే నెలకు రెండుసార్లు లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లోని మా చెల్లెలి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళివస్తాను. ఆ రైలు ప్రయాణం నాకు ప్రాణం. ఇంట్లో తెలిసిందంటే అది పోతుంది. అందుకని రహస్యంగా కొండాపూర్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ అంతా విని, చీటీ రాసి, "పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీకి వెళ్ళండమ్మా. బిల్డింగ్ పేరు రాశాను. మంగళవారం పదిన్నరకి. పదిహేను నిమిషాలు దాటితే తీసుకోరు. మళ్ళీ నెలన్నర ఆగాలి. అర్థమైందా?" అంది.

"అర్థమైంది" అన్నాను. ఆ ప్రశ్న ముప్ఫై ఒక్కేళ్ళు నేను ఇతరులను అడిగాను. నన్నొకరు అడిగితే కాలేదని చెప్పడం నాకు అలవాటు లేదు.

నా తర్కం చిత్తగించండి. ఫిజియోథెరపీ అంటే తెలుసు, మోకాలికి కరెంటు పెడతారు. ఫ్లోర్ అంటే తెలుసు, అంతస్తు. మిగిలింది పెల్విక్. మా అబ్బాయి ఆఫీసులో గదులకు పక్షుల పేర్లు పెట్టారు. పెలికన్‌లో మీటింగు ఉందని రోజూ చెబుతుంటాడు. కాబట్టి పెల్విక్ కూడా అలాంటి పేరే అయ్యుండాలి. తెలిసినవి రెండు, తెలియనిది ఒకటి. లెక్క తేలిపోయింది. సరిచూసుకోవాలని కూడా అనిపించలేదు.

గేటు లోపల బల్ల దగ్గర యాదమ్మ అనే సెక్యూరిటీ ఆవిడ కూర్చుని ఉంది.

"యాడికి పోవాలె అమ్మా? ఏ ఫ్లోరు?"

"పెల్విక్ ఫ్లోర్."

"ఏం ఫ్లోరూ?"

"పెల్విక్. పె... ల్వి... క్."

"ఐదేండ్ల సంది ఈడనే చేస్తున్న. గసుంటి ఫ్లోరు ఇనలే."

"కొత్తగా పెట్టి ఉంటారమ్మా."

"ఏమో, గట్లనే అయ్యుంటది. వీళ్ళు దినాం ఏదో ఒకటి మారుస్తనే ఉంటరు. స్పెల్లింగు జెప్పు."

చీటీ చూసి అక్షరం అక్షరం నేనే చెప్పాను. మిషనులోంచి అరచేయంత స్టిక్కరు వచ్చింది. లావుపాటి ఇంగ్లీషు అక్షరాలలో నా పేరు, దాని కింద అంతకంటే లావుగా "పెల్విక్ ఫ్లోర్" అని ఉంది. యాదమ్మ దాన్ని నా ఎడమ భుజం మీద చీరకు అంటించి, ఊడకుండా రెండు చరుపులు చరిచింది.

ఈ మేడల్లో లిఫ్టు లోపల బొత్తాలు ఉండవని మీకు తెలిసే ఉంటుంది. నాకు తెలియదు. బయట ఒక పలక ఉంటుంది. ఎక్కడికి వెళ్ళాలో దాని మీద నొక్కితే ఏ లిఫ్టు ఎక్కాలో అదే చెబుతుంది. ఆ పలక మీద ఒకటి నుంచి పద్దెనిమిది దాకా అంకెలు ఉన్నాయి. వాటి కింద పి-వన్, పి-టూ, పి-త్రీ అని మూడు ఉన్నాయి. చూడగానే నా మనసు కుదుటపడింది. పి అంటే పెల్విక్. మూడు అంతస్తులు తీసుకున్నారంటే పెద్ద ఆసుపత్రే. మధ్యది నొక్కితే పైకైనా కిందికైనా సమాన దూరం అవుతుందని పి-టూ నొక్కాను. అప్పుడు టైము పది ఇరవై ఒకటి.

తలుపు తెరుచుకుంది. మంచాలు ఉండవలసిన చోట కార్లున్నాయి. పెట్రోలు వాసన. ఒకాయన స్టూలు మీద కూర్చుని కారు అద్దం తుడుస్తున్నాడు.

"ఏం గావాలె పెద్దమ్మా?"

"ఫిజియోథెరపీ."

"ఎవ్వరికి? బండికా?"

"నాకు నాయనా."

"ఇది పార్కింగ్ పెద్దమ్మా. ఈడ బండ్లకే ఇలాజ్ లేదు."

"అయితే పి-వన్‌లో ఉందేమో?"

"గది గూడ పార్కింగే."

"పి-త్రీ?"

"అండ్లకు పోవద్దు. నీళ్ళు నిలిచినయ్. వానొస్తే చాలు, లీకేజీ."

లీకేజీ అనే మాట వినగానే, సరైన చోటు అదేనేమో అని నాకు కొంచెం ఆశ కలిగింది. ఆయన మాత్రం నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పావుగంటకు గానీ రాని లిఫ్టు ఎక్కించాడు.

ఆ లిఫ్టు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆగింది. కాఫీ కప్పుతో ఒక అమ్మాయి, మెడలో కార్డులతో ఇద్దరు కుర్రవాళ్ళు ఎక్కారు. నేను దిగేలోపు తలుపులు మూసుకున్నాయి. ఆగబోయే అంతస్తులు పదకొండు, పద్నాలుగు అని తలుపు పక్కన వెలుగుతోంది. అమ్మాయి నా భుజం వైపు చూసింది. మళ్ళీ చూసింది. కాఫీ పొలమారింది.

"ఆంటీ... మీరు ఏ ఫ్లోర్‌కి వెళ్ళాలి?"

"చదివావుగా! ఆ ఫ్లోర్‌కే."

గొంతు బాగా తగ్గించి, "ఆంటీ, అది ఫ్లోర్ కాదు" అంది.

"ఫ్లోర్ కాకపోతే ఫ్లోర్ అని ఎందుకు రాస్తారమ్మా?"

"అంటే... అది బిల్డింగ్‌లో ఉండదు. మనుషులకి ఉంటుంది. అందరికీ ఉంటుంది ఆంటీ."

"అందరికీనా? నీకూ ఉందా?"

"ఉంది ఆంటీ."

"ఎక్కడ? త్వరగా చూపించు తల్లీ, నాకు టైమైపోతోంది!"

కుర్రవాళ్ళిద్దరూ ఒక్కసారే తలెత్తి లిఫ్టు కప్పును పరిశీలించడం మొదలుపెట్టారు. అక్కడ చూడదగినదేమీ లేదు. నేనూ చూశాను. పదకొండో అంతస్తు రాగానే ముగ్గురూ ఒకరినొకరు తోసుకుంటూ దిగిపోయారు. పద్నాలుగులో తలుపు తెరుచుకుంటే దిగడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ ముగ్గురిలో ఎవరో మూడు అంతస్తులు మెట్లెక్కి ఉంటారు. పాపం ఎవరో.

పద్నాలుగో అంతస్తులో అద్దాల గోడ వెనుక నలభై మంది కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. మనుషులకు ఉండే ఫ్లోరు ఏమిటా అని ఆలోచిస్తూ నేను గడియారం చూసుకున్నాను. పది నలభై ఒకటి. సరిగ్గా అప్పుడే కప్పులో ఉన్న స్పీకరు గణగణమంది.

"అటెన్షన్ ప్లీజ్. పెల్విక్ ఫ్లోర్ పేషెంట్ రాజ్యలక్ష్మి గారు ఎక్కడున్నా వెంటనే ఫస్ట్ ఫ్లోర్ క్లినిక్‌కి రాగలరు."

అంతటితో ఆగితే ఈ కథ మీకు చెప్పేదాన్ని కాదు. మైకు కట్టేయడం మరిచిపోయారు. పద్దెనిమిది అంతస్తులూ, మూడు పార్కింగులూ వినేలా యాదమ్మ గొంతు వినిపించింది.

"సార్, గామెకు మూత్రం ఆగదంట. క్లినిక్కోళ్ళు ఫోన్ జేసిన్రు. బాత్రూములల్ల సూడమనుర్రి. జల్ది!"

నలభై తలలు లేచాయి. నేను స్టిక్కరు మీద కొంగు కప్పుకున్నాను. అది పలచటి జార్జెట్టు. అక్షరాలు ఇంకాస్త ముచ్చటగా కనిపించాయి.

పది నలభై నాలుగుకు మొదటి అంతస్తు చేరాను. కింద యాదమ్మ కూర్చున్న బల్ల దగ్గరినుంచి సరిగ్గా ఇరవై రెండు మెట్లు. మెట్ల దగ్గర ఎదురైన యాదమ్మ నన్నే కేకలేసింది. "నడుం నొప్పి దవాఖాన అని ముందే జెప్పొద్దా అమ్మా! ఎంత పరేషాన్ జేసినవ్!"

ఫిజియో పేరు నిఖిత. మా స్వప్న వయసే ఉంటుంది. కరెంటు పెట్టే మిషను కోసం గదంతా వెతికాను. కనబడలేదు. ముందు ప్రశ్నలు అడిగింది. రోజుకు ఎన్నిసార్లు వెళతారు, ఎన్ని కాఫీలు, ఎన్ని కాన్పులు, మలబద్ధకం ఉందా అని. పగలు తొమ్మిది, రాత్రి రెండు, కాఫీ మూడు, కాన్పులు రెండు, మలబద్ధకం వారానికి నాలుగు రోజులు అని చెప్పాను. ఆ పిల్ల కలం ఆపి నా వైపు ఆరాధనగా చూసింది. ఆ పొద్దుటి నుంచి నాకు దొరికిన మొదటి గౌరవం అదే.

తరువాత నడుం ఎముకల బొమ్మ తెచ్చింది. అడుగున ఎర్రటి పట్టీ కట్టి ఉంది.

"ఇదేనమ్మా పెల్విక్ ఫ్లోర్. మూత్రసంచినీ, గర్భసంచినీ, పేగు చివరనూ కిందనుంచి మోసే కండరాలు. నవారు మంచం లాంటిది. కాన్పులకీ, బరువులకీ, ముక్కడానికీ, వయసుకీ వదులవుతుంది. మళ్ళీ బిగించుకోవచ్చు."

"ఇదా? నేను వెతికింది దీన్నా?"

"పార్కింగ్ నుంచి పద్నాలుగు దాకా దాన్ని వెంటబెట్టుకునే తిరిగారమ్మా" అంది, నవ్వు ఆపుకుంటూ.

లోపల వేలితో పరీక్ష చేస్తే కండరాల బలం తెలుస్తుందట. "మీకిష్టమైతేనే. ఈరోజు వద్దంటే వద్దు. మధ్యలో ఆపమన్నా ఆపేస్తాను" అంది. నేను నిర్ఘాంతపోయాను. నాకు రెండు కాన్పులు చేసినవాళ్ళు ఒక్కరూ ఆ మాట అడగలేదు. అడిగించుకున్న ఆనందంలో, "ఈరోజు వద్దమ్మా" అన్నాను. ఆ పిల్ల ముఖం మాడ్చుకోలేదు. దుప్పటి కప్పి, మోకాళ్ళు మడిచి పడుకోబెట్టింది.

"గాలి పోకుండా, మూత్రం రాకుండా ఆపుకున్నట్టు బిగించి లోపలికి లాగండి. ఊపిరి మాత్రం వదులుతూ ఉండండి."

నేను బిగించాను. పళ్ళు, పిడికిళ్ళు, కాలి వేళ్ళు, కనుబొమలు అన్నీ బిగిశాయి.

"అమ్మా, నుదురు వదిలేయండి. అది అక్కడ లేదు."

"మరి ఎలాగమ్మా?"

"లిఫ్టు అనుకోండి. తలుపులు మూసుకున్నాయి. మెల్లగా ఫస్ట్ ఫ్లోర్... సెకండ్ ఫ్లోర్... అక్కడ ఆపండి..."

నేను లేచి కూర్చున్నాను. "నన్ను వెక్కిరిస్తున్నావా?"

"అయ్యో లేదమ్మా! అందరికీ ఇలాగే చెబుతాం!"

రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పది బిగింపులు చేయమంది. కొన్ని నిదానంగా, కొన్ని చటుక్కున చేయాలట. తుమ్ము, నవ్వు వస్తున్నాయనగానే ముందే ఒకసారి బిగించాలట. కనీసం మూడు నెలలు పడుతుందంది. తాగిన నీళ్ళు, వెళ్ళిన వేళలు మూడు రోజులు డైరీలో రాసుకురమ్మంది. లెక్కలు రాసే డైరీ అనగానే నా ఆస్తి ఆ పిల్ల పేర రాసేద్దామా అనిపించింది.

తేలికపడిన మనసుతో బయటి గదిలోకి వచ్చాను. రిసెప్షన్ అమ్మాయి పిలిచింది. "నెక్స్ట్, స్వప్న గారు!"

ఎవరూ లేవలేదు. "స్వప్న గారూ!"

మూలనున్న పెద్ద పూలకుండీ వెనుక ఆకులు కదిలాయి. ముఖానికి చున్నీ కప్పుకుని, వంగి కూర్చున్న మనిషి మెల్లగా నిలబడింది. మా కోడలు.

"అత్తయ్యగారూ... నన్ను పట్టుకోవడానికే వచ్చారా?"

"నిన్ను పట్టుకోవడమేమిటి? మైకులో వినలేదా?"

"విన్నానండి. రాజ్యలక్ష్మి అంటే ఇంకెవరో అనుకున్నా. ఇందాక మీరు తలుపు తీసుకుని వస్తుంటే, కనబడితే చంపేస్తారని కుండీ వెనక్కి..."

"నీకూ ఇదేనా? ఎన్నాళ్ళ నుంచి?"

"పాప పుట్టినప్పటి నుంచి."

"మూడేళ్ళా! నాకొక్క మాట చెప్పకూడదూ?"

స్వప్న ముఖం మీది చున్నీ తీసింది. "బారసాల రోజున చెప్పబోయానండి. 'కాన్పైన పదకొండో రోజున నేను రెండు బిందెల నీళ్ళు మోశాను, మీ కాలం పిల్లలకు ఒంట్లో పసే లేదు' అన్నారు. ఇంకేం చెప్పను?"

ఆ రోజు నేను తిన్న దెబ్బలన్నిటిలోకీ పెద్దది ఇదే. స్పీకరు, స్టిక్కరు, లీకేజీ దీని ముందు ఎంత? అన్న మాట నిజం. బిందెలు మోసిన మాటా నిజం. నా బాధకు ఆ మోత కూడా ఒక కారణం కావచ్చునని నిఖిత పది నిమిషాల కిందటే చెప్పింది.

"ఆ బిందెలే నన్ను ఇక్కడికి తీసుకొచ్చాయమ్మా" అన్నాను.

స్వప్న నా ముఖంలోకి చూసింది. ఫక్కున నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.

"ముందు బిగించండి!" అని లోపలినుంచి నిఖిత అరిచింది.

ఇద్దరం బిగించాం. ఒకరికి ఆలస్యమైంది. ఎవరికో చెప్పను.

"ఇక నన్ను ఒంటరిగా బయటికి పంపరేమో" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"మిమ్మల్ని ఆపితే నన్నూ ఆపాలిగా అత్తయ్యగారూ! నాకు ఆఫీసుంది" అంది స్వప్న, లోపలికి నడుస్తూ.

అందుచేత, డెబ్భై ఏళ్ళు నిండిన రాజ్యలక్ష్మి అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా చేసే ప్రమాణం ఏమనగా: అర్థం కాని మాట విన్నప్పుడు "అర్థం కాలేదు" అని కూర్చున్న కుర్చీలోనే చెబుతాను. చెప్పేదాకా ఏ లిఫ్టూ ఎక్కను. పి అనే అక్షరాన్ని చచ్చినా నమ్మను.

ఆ రోజు పోయినవి: ముప్ఫై రెండు నిమిషాలు. పి-టూలో మరిచిపోయిన గొడుగు ఒకటి. స్టిక్కరు పీకుతుంటే చిరిగిన జార్జెట్టు చీర, రెండంగుళాలు. నాలుగేళ్ళు దాచిన రహస్యం ఒకటి. బిందెలు రెండు.