నోరు చూసే డాక్టరమ్మ

ఆ డాక్టరమ్మకు మొహాలు గుర్తుండేవి కావు. గర్భిణి ఎవరొచ్చినా పొట్ట మీద చెయ్యి వేయకముందే చిన్న టార్చి వెలిగించి, "నోరు తెరు మా" అనేవారు. తరతరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తెలుగింటి మనిషి. యానాం నుంచి కొత్తగా వచ్చిన నాకు ఆ యాసా వింతే, ఆ టార్చీ వింతే.

ఐదో నెలలో పన్ను సలుపుతున్నా నేను చెప్పలేదు. కడుపుతో ఉండగా పంటికి వైద్యం చేయిస్తే బిడ్డకు చేటని మా అత్తయ్య భయం. నాదీ అదే. టార్చి వెలుగులో దొరికిపోయాను.

"ఏంది మా ఇది? చీము పట్టిండాది. దీన్ని వదిలేస్తేనే బిడ్డకు చేటు."

ఆవిడ పంపిన పళ్ళ డాక్టరు కూడా జంకి, కాన్పయ్యాక చూద్దామన్నాడు. మర్నాడు ఆవిడే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. కుర్చీ పక్కన స్టూలు వేసుకుని, బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మిషను నా పొట్టకు ఆనించారు.

"పన్ను నువ్వు చూడప్పా. బిడ్డను నేను చూసుకుంటా," అన్నారు అతనితో. తర్వాత నాతో, "విను మా, గుర్రం మాదిరి పరిగెత్తతా ఉండాది."

పని పూర్తయ్యేదాకా ఆ చప్పుడు ఒక్కసారీ తడబడలేదు. ఆవిడ చెయ్యీ కదల్లేదు.

మొన్న కోసపాళయం కూరగాయల అంగట్లో కనిపించారు. నమస్కారం పెడితే ఎవరో అన్నట్టు చూశారు. నేను పేరు చెప్పలేదు. నోరు తెరిచాను.

"కింద, ఎడమ పక్క!" అన్నారు ఠక్కున. ఆ వెంటనే, నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ నా కూతురి వైపు వంగారు.

"అయితే ఆ గుర్రం నువ్వేనా కన్నా?"