పద్దెనిమిదేళ్ళవాణ్ణి వదిలేసిన ఏడాది

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలోకి అరుదుగా వచ్చే ఎండను కాసేపైనా ఒంటికి పట్టిద్దామని కుర్చీ వేసుకున్నానో లేదో, ఫోనులో ఒక సందేశం వచ్చింది. మా బేస్‌బాల్ లీగు వాళ్ళు పంపినది. ఈ ఏడాది కొత్త ఆటగాళ్ళ ఎంపికలో, అంటే మేము డ్రాఫ్ట్ అనే దానిలో, ఏ జట్టువాడు ఎవరిని తీసుకుంటాడో వరసగా పన్నెండు పేర్లు వేసి, ప్రతి పేరు పక్కనా ఎంత శాతం అవకాశమో కూడా చేర్చి కంప్యూటరే తయారుచేసిన జాబితా అది. క్షణంలో తయారైందని కింద గొప్పగా రాసుకున్నారు. ఆ జాబితాను నేను రాసిన రోజుల్లో నాకు మూడు వారాలు పట్టేది. ఆ మూడు వారాలూ మా ఆవిడ నాచేత కూరగాయలు కూడా తెప్పించేది కాదు, చెప్పినవి తప్ప మిగతావన్నీ తెస్తానని.

మన ఈడువాళ్ళకు ఈ వ్యవహారం కాస్త విడమరచి చెప్పాలి. నేను గుంటూరులో క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి, బేస్‌బాల్ మైదానం ఎలా ఉంటుందో ఈ రోజుకీ కళ్ళతో చూడలేదు. మా లీగులో అసలు మైదానమే లేదు, బంతి లేదు, ఆటగాళ్ళూ లేరు. అన్నీ కంప్యూటర్ పుట్టించినవే. అది ప్రతి ఏడాదీ కొందరు కుర్రాళ్ళను పుట్టిస్తుంది, వాళ్ళకు పేరూ వయసూ బలమూ బలహీనతా ఇస్తుంది, వాళ్ళు నేర్చుకుంటారు, దెబ్బలు తగిలించుకుంటారు, ముసలివాళ్ళై తప్పుకుంటారు. మేము పన్నెండుమందిమి పన్నెండు జట్లకు యజమానులం. మార్చి నుంచి అక్టోబరు దాకా వారం వారం ఆటలు కంప్యూటరే ఆడించి ఫలితాలు చెబుతుంది. నిరుడు అట్టడుగున నిలిచినవాడికి ఈ ఏడాది ఎంపికలో మొదటి అవకాశం. పెద్దవాళ్ళు ఆడే బొమ్మలాట అని మా ఆవిడ అనేది, నేను కాదనేవాణ్ణి కాదు.

ఈ పిచ్చి నాకు అంటించింది డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో నా మొదటి ఉద్యోగంలో నా పైఅధికారి. ఐరిష్ ఆయన, కొన్నేళ్ళు అమెరికాలో ఉండి వచ్చినవాడు. నేను ఈ దేశానికి నర్సు ఉద్యోగం వచ్చిన భార్య వెనకాల వచ్చిన మొగుణ్ణి. మొదటి ఏడాది ఇంట్లోనే ఉండి, పాపకు జడలు వేయడం, యూనిఫారాలు ఇస్త్రీ చేయడం బాగా నేర్చుకున్నాక దొరికింది ఆ ఉద్యోగం. ఆఫీసులో నాకు ఎవరితోనూ ఏమి మాట్లాడాలో తెలిసేది కాదు, వాన గురించి ఎంతసేపు మాట్లాడతాం చెప్పండి. ఆ లీగులో చేరాకే నాకు నోరు పెగిలింది.

రెండో ఏడాదికల్లా జాబితా రాసే పని నాకే అప్పగించారు. నా గుట్టు ఏమిటంటే, నేను ఆ లేని ఆటగాళ్ళను చదివేవాణ్ణి కాదు, ఎంచుకునే మనుషులను చదివేవాణ్ణి. మా పైఅధికారి ఎడమచేతివాటం వాడు కనిపిస్తే ఆగలేడు, ఎందుకంటే తనదీ ఎడమచెయ్యే. జీతాల విభాగంలో ఉండే ఒకాయన, నిరుడు ఎవరి చేతిలో ఓడాడో వాళ్ళకు కావలసిన ఆటగాణ్ణి తనకు అక్కర లేకపోయినా ఎగరేసుకుపోతాడు. ఇలాంటివి కనిపెట్టుకుని రాస్తే తప్పేదే కాదు. పేరొచ్చింది, పేరుతోపాటు పొగరూ వచ్చింది. ఆ పొగరులోనే ఒక రివాజు పెట్టాను. నా జాబితాను కాదని ఇంకొకర్ని ఎంచుకున్నవాడు, ఎందుకలా చేశాడో లీగు మొత్తానికీ రాతపూర్వకంగా సంజాయిషీ చెప్పుకోవాలి, దానికి నేను వెక్కిరిస్తూ జవాబు రాస్తాను. అందరికీ అది తెగ నచ్చింది.

మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, ఈ దేశానికి పడమటి కొసన ఉన్న స్లైగోలో నర్సు. మా మరదలూ అక్కడే నర్సు. చలికాలంలో ఆ ఊళ్ళో మధ్యాహ్నానికే చీకటి పడిపోతుందని, ఏదో ఒక కాలక్షేపం ఉంటుందని అతణ్ణి లీగులోకి లాగింది నేనే. నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను అన్నయ్యా అనేవాడు, మీరు అనేవాడు. అంత ఓర్పు ఉన్న మనిషిని నేను చూడలేదు. వార్డులో ముసలివాళ్ళకు చెంచాతో సూప్ పట్టించడంలో అతని తర్వాతే ఎవరైనా అని మా మరదలు చెప్పేది. లీగులోనూ అంతే. అవకాశం వచ్చినప్పుడల్లా పద్దెనిమిదేళ్ళ పసివాణ్ణి తీసుకునేవాడు. అలాంటివాడు చేతికి రావాలంటే ఐదారేళ్ళు ఆగాలి. ఎదగనివ్వండి అన్నయ్యా, తొందరేముంది అనేవాడు. అందుకే అతని జట్టు ఎప్పుడూ అడుగునే ఉండేది, అతనికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

ఏడేళ్ళ కిందట ఒక ఫిబ్రవరిలో మొదటి అవకాశం అతనిదే. ఆ ఏడు కంప్యూటర్ ఒక పద్దెనిమిదేళ్ళ పిచ్చర్‌ను, అంటే బంతి విసిరేవాణ్ణి, పుట్టించింది. అలాంటివాడు మా లీగులో అంతకుముందు పుట్టలేదు. ఎదిగితే పదేళ్ళు ఎదురుండదు. జాబితాలో మొదటి పేరు రాయడానికి నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఇది తప్పితే ఇక జాబితా రాయడం మానేస్తానని కూడా కింద రాశాను.

ఆదివారం మధ్యాహ్నం అందరం వీడియోలో కూర్చున్నాం. మా తోడల్లుడు ఆ కుర్రవాణ్ణి వదిలేసి, ఇరవైమూడేళ్ళ క్యాచర్‌ను, అంటే మన వికెట్ కీపరులా వెనక కూర్చుని బంతి పట్టేవాణ్ణి, తీసుకున్నాడు. ఆ క్యాచర్ ఈ ఏడాదే ఆడగలడు, బాగానే ఆడతాడు, కాని అంతకంటే ఎదగడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. అతనికంటే ఎక్కువ నన్ను చూసే నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రివాజు ప్రకారం సంజాయిషీ వచ్చింది. ఈ ఏడే ఆడేవాడు కావాలనిపించింది, అని ఒక్క ముక్క. నేను ఊరుకున్నానా? సెలైన్ సీసా చుక్క చుక్కగా అయ్యేదాకా పక్కన నిలబడే మనిషికి ఓర్పు చచ్చిపోయిందనీ, స్లైగో వాన బుర్రలోకి ఇంకిందనీ పేజీడు రాశాను. దాని కింద తలా ఒక మాట విసిరారు. అయినా నా కడుపుమంట చల్లారలేదు. అతనికి ఫోన్ చేసి అసలు కారణం చెప్పమన్నాను. గ్రాండ్ అన్నయ్యా, ఊరికే తీసుకున్నా అన్నాడు. రెండు రోజులాగి మళ్ళీ చేశాను, మళ్ళీ గ్రాండ్ అన్నాడు. అంతా బాగానే ఉందనడానికి ఈ దేశంలో వాడే ఆ ఒక్క మాట వెనక ఏమైనా దాచుకోవచ్చు. మూడోసారి చేసి, నన్ను పదిమందిలో నవ్వులపాలు చేశావు, కారణం చెప్పేదాకా వదలనని గట్టిగానే కసిరాను. నేనేదో ప్రేమకొద్దీ అడిగానని అనుకోకండి, నా పరువు పోయిందని అడిగాను. అతను, శనివారం స్లైగో రండి, ఎదురుగా చెబుతా అన్నాడు.

రైలు దిగితే స్టేషనుకు తనే వచ్చాడు. చిక్కాడని కనిపిస్తూనే ఉంది. డ్యూటీలు ఎక్కువై ఉంటాయనుకున్నాను. మనుషులను చదువుతానని విర్రవీగినవాణ్ణి, అంతే చదివాను. ఇంట్లో మరదలు లేదు, డ్యూటీలో ఉంది. టీ పెట్టి, ప్రెస్, అంటే వంటింటి అలమర, తెరిచి బిస్కెట్లు తీసి పళ్ళెంలో పేర్చి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ పద్దెనిమిదేళ్ళోడు చేతికొచ్చేతలికి ఆరేళ్ళు పడుద్ది అన్నయ్యా. నాకు డాక్టర్లు ఒక్క ఏడు చెప్పారు. అది కూడా నిండుద్దో లేదో."

క్రిస్మస్‌కు ముందే తెలిసిందట. కడుపులో క్యాన్సరు. మా మరదలికీ, అతనితో పనిచేసేవాళ్ళకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. అతనే లేచి నా వీపు నిమిరాడు. రాసిందంతా ఇప్పుడే తీసేస్తాను, అందరి ముందూ క్షమాపణ అడుగుతాను అన్నాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"తీయమాకండి. వార్డులో మావోళ్ళు నన్ను చూస్తే గొంతు తగ్గిచ్చి మాట్టాడతన్నారు. ఆ లీగులోనే నన్ను ఇంకా ఏడిపిస్తన్నారు. మీరు ఆపితే వాళ్ళకి తెలిసిపోద్ది. వారం వారం రాయండన్నయ్యా, నాకోసం."

రాశాను. మార్చి నుంచి వారం వారం, అతని క్యాచర్ మీద, అతని తెలివి మీద, అతని జట్టు మీద. రాస్తున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉండేవాణ్ణి. సంగతి తెలిసిన మా ఆవిడ వెనక నిలబడి చదివి, ఇదేం మనసయ్యా అంటూనే అక్కడ ఇంకో మాట పడాలి అనేది. మే నెలలో ఒక వారం నాకు చెయ్యి రాలేదు. మెత్తగా, అతని జట్టు పరవాలేదన్నట్టు రాశాను. మర్నాడు పొద్దున్నే ఫోను. ఈ వారం జాలిపడ్డారు, నాకు తెలిసిపోయిందని కోపగించుకున్నాడు. మళ్ళీ అలా చేయలేదు. చిత్రం ఏమిటంటే ఆ క్యాచర్ బ్రహ్మాండంగా ఆడాడు, జట్టు మొదటిసారి అడుగు వదిలి నాలుగో స్థానానికి ఎక్కింది, నాకు వెక్కిరించడానికి సాకులు కరువయ్యాయి. చివరి వారాల్లో అతను ఫోను పట్టుకోలేకపోతే మా మరదలు పైకి చదివి వినిపించేది. నవ్వొచ్చిన చోట నొప్పని పొట్ట పట్టుకునేవాడట, అయినా ఇంకోసారి చదవమనేవాడట.

ఇంకా మూడు వారాల ఆటలు ఉండగా పోయాడు. లీగులో అందరూ స్లైగో వచ్చారు. అతణ్ణి అంతకుముందు వీడియోలో తప్ప చూడనివాళ్ళు కూడా నల్ల కోట్లు వేసుకుని వరసగా నిలబడి, ఇక్కడి అలవాటు ప్రకారం మా మరదలి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, మీకొచ్చిన కష్టానికి చింతిస్తున్నాం అని ఒక్కొక్కరూ చెప్పారు. మా పైఅధికారి నన్ను పక్కకు పిలిచి, నీకు తెలుసా అని అడిగాడు. ఫిబ్రవరి నుంచీ తెలుసన్నాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను. ఆయన నా భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు. జీతాల విభాగం ఆయన మాత్రం తెలిసీ అలా రాశానని నన్ను అసహ్యించుకున్నాడు, ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడతాడు. ఆయన దగ్గరకు వెళ్ళి చెప్పుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ ఏడాదితో జాబితా రాయడం మానేశాను.

కంప్యూటర్ జాబితా నాదానికంటే నికార్సయినదే, ఒప్పుకోవాలి. ఎవడైనా దాన్ని కాదంటే అది నొచ్చుకోదు, శాతాలు సవరించుకుని ముందుకు పోతుంది. సంజాయిషీ రివాజు కూడా ఎత్తేశారు, ఎవరి ఎంపిక వారిష్టం, అడగడం బాగుండదని. మనమూ అలాగే తయారయ్యాం. మన చిన్నతనంలో గుమ్మంలోకి అడుగు పెడుతూనే ఎందుకు చిక్కావు, ఎందుకు రాలేదు, ఏమిటి సంగతి అని పీక్కుతినే మేనత్తలు, పెదనాన్నలు ఉండేవాళ్ళు. వాళ్ళను మోటు మనుషులని విసుక్కునేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు గ్రాండ్ అంటారు, సరే అని ఊరుకుంటాం. ఒకసారి అడిగి ఆపేయడమే మర్యాద అని ఈ ఊళ్ళో నేనూ నేర్చుకున్నాను. ఆ ఫిబ్రవరిలో నాకు ఆ మర్యాద తెలిసి ఉంటే మూడోసారి ఫోన్ చేసేవాణ్ణి కాదు. మా తోడల్లుడు గ్రాండ్ అంటూనే వెళ్ళిపోయేవాడు, నేను ఆ ఏడాదంతా అతని మీద అలిగి కూర్చునేవాణ్ణి.