బేకర్‌కి వాళ్లమ్మంటే ప్రేమేనా?

ఒక బేకర్‌నీ వాళ్లమ్మనీ ఏళ్ల తరబడి మెడ మీద మోస్తున్నాను. బేకర్ అంటే మామూలు మనిషి కాడు, మిగిలిన రొట్టెలన్నీ తానే తినే జర్మన్ బేకర్. వాళ్లమ్మ అంతకంటే దిట్టం. ఇద్దరూ దిగరు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీ మొహం నాకు కనిపించదు.

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో, చదువుకోవడానికొచ్చిన మన తెలుగు పిల్లలకు శనివారాలు జర్మన్ పరీక్షకు తర్ఫీదు ఇచ్చేవాణ్ణి. పేరా చదివి ప్రశ్నలకు జవాబు పెట్టే భాగం నాది. వారమంతా ఫ్యాక్టరీలో బోల్టుల కొలతలు చూసే ఉద్యోగం. బోల్టు జోకులకు నవ్వదు. పిల్లలు నవ్వుతారు. చర్చి వాళ్లిచ్చిన ఆ గదిలో మేం నవ్వితే పైన గంటలు వాటంతటవే మోగేవి. ఆ నవ్వు కోసమే వెళ్లేవాణ్ణి. చదువు చెప్పడం ఒక వంక.

ఆ పరీక్షలో ప్రతి వాక్యానికీ మూడు గడులు. ఒప్పు, తప్పు, పాఠంలో లేదు. మనవాళ్లు మునిగేది మూడోదాంట్లోనే. రాసినదాంతో మనం ఎప్పుడు ఆగాం? శుభలేఖలో పేరు లేకపోతే పాతికేళ్ల గొడవంతా చదివేస్తాం. 'కాఫీ తాగుతారా' అంటే 'ఇక లేవండి' అని వినేస్తాం.

ఆ రోజు పేరాలో ఉన్నది ఇంతే: సోమవారాలు బేకరీ మూసి ఉంటుంది, ఆ రోజు యజమాని పక్క ఊళ్లోని తల్లి దగ్గరికి వెళ్తాడు. కింద వాక్యం: బేకర్‌కి తల్లి అంటే చాలా ప్రేమ.

గదంతా 'ఒప్పు' అని అరిచింది. నేను కూడా మనసులో అరిచాను. సువార్త ఒక్కతే చెయ్యెత్తింది. కాకినాడ పిల్ల. హైడెల్‌బర్గ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, కానీ ఈ పరీక్ష పాసైతేనే. మిగతా వాళ్లు నా నెరిసిన జుట్టును క్షమించి 'అన్నా' అనేవాళ్లు. ఈ అమ్మాయి మాత్రం 'సార్' అనేది.

"పాఠంలో లేదండి, సార్."

"అదేంటమ్మా! ప్రేమ లేకుండానే వారం వారం వెళ్తాడా?"

"వెళ్తాడని రాశారండీ. ఎందుకెళ్తాడో రాయలేదు కదండీ. మందులివ్వడానికేమో. ఆస్తి కోసమేమో."

వెనక బెంచీ నుంచి వరంగల్ కుర్రాడు అందుకున్నాడు. "అన్నా, గీమెకు బేకర్ మీదనే డౌటు! జర్మనోళ్లకు అమ్మంటే పాణం ఉండదా ఏంది?"

అక్కడ నేను ఆగాల్సింది. ఆగానా? "మీ ఇంట్లో ఆస్తి కోసమే వెళ్తారేమోనమ్మా, అందరిళ్లూ అలా ఉండవు" అన్నాను.

గది పగిలిపోయేలా నవ్వింది. సువార్త కూడా నవ్వింది. అది నవ్వు కాదని నాకు తెలుసు.

పిల్లలు చూసి రాసేస్తారని పుస్తకం చివర ఉన్న జవాబుల కాగితాలు చింపి నా కోటు జేబులో పెట్టుకునేవాణ్ణి. కాఫీ విరామంలో తీసి చూశాను. పాఠంలో లేదు. అంత స్పష్టంగా ఉంది. గుడ్డివాడికైనా తడిమితే తెలుస్తుంది.

మళ్లీ లోపలికెళ్లి, జేబు మీద చెయ్యి వేసుకుని, "చూశానమ్మా, ఒప్పు అనే ఉంది. చదివితే చాలదు, కాస్త తెలివిగా ఊహించాలి" అన్నాను.

ఎందుకన్నాను? పరువా? నా పరువు ఆ గదిలో కుర్చీ ఎత్తు కూడా లేదు. జోకు పాడైపోతుందని. అంతే. ఒక్క జోకు కోసం, గదిలో నిజంగా చదవగలిగిన ఒకే ఒక్క మనిషిని పట్టుకుని నీకు చదవడం రాదని చెప్పాను.

పరీక్షయ్యాక ఫోన్ చేసింది. మొదట 'పాఠంలో లేదు' అని పెట్టినవన్నీ చివర్లో దిద్దేసిందట. నేను చెప్పినట్టు, తెలివిగా. చదివే భాగంలో అంచు మీద పోయింది. మళ్లీ రాసేలోపు హైడెల్‌బర్గ్ గడువు దాటింది, వీసా పొడిగింపుకి ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకలేదు. ఇంటికి విమానం ఎక్కేముందు నాకు థాంక్స్ చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "కంగారుపడి ఉంటావమ్మా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే నా నాలుకను బోల్టుల యంత్రంలో పెట్టి బిగించాలనిపిస్తుంది.

కోపం అప్పట్నుంచీ ఉంది. బేకర్ మీద, వాడి ముసలమ్మ మీద, నవ్విన ప్రతి పన్ను మీద. బేకరీలో రొట్టె కొనేటప్పుడు కూడా కౌంటర్ వెనకున్న మనిషిని కొరకొరా చూస్తాను. పాపం, ఆయనకేం తెలుసు! వీళ్లందరి మీదా కోప్పడితే నా మీద కోప్పడే తీరిక ఉండదు కదా. అదీ నా తెలివి.

ఇన్నాళ్లూ అలాగే గడిచిపోయింది. పోయిన వారం సువార్త వాయిస్ మెసేజ్ పెట్టింది. కాకినాడలో జర్మన్ ట్యూషన్ పెట్టిందట, పిల్లలు బాగానే వస్తున్నారట. "మొదటి క్లాసులో మీ బేకర్ కథే చెప్తానండి సార్. రాసింది చదివితే చాలదు, ఊహించాలని. తెగ నవ్వుతారండి."

నవ్వుతారట. నా అబద్ధం ఇప్పుడు క్లాసులు చెబుతోంది. దానికి ఒక గది, బల్లలు, నల్లబల్ల. ఎవరో ఒక పిల్ల చెయ్యెత్తి 'పాఠంలో లేదండి' అంటుంది, సువార్త ఆ చెయ్యి దించేస్తుంది. నేను దించినట్టే.

ఇందాక ఆమెకు పంపించాను. జోకు ఒక్కటీ వెయ్యలేదు, వేళ్లు దురద పెట్టినా. 'ఆ రోజు నువ్వు చెప్పిందే సరైంది. జవాబు నేను చూశాను. చూసి అబద్ధం చెప్పాను. నీ పిల్లలకు ఈ కథ ఇలాగే చెప్పు.' రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

మెడ కాస్త తేలికైంది. బేకర్ ఒక కాలు దించినట్టుంది. వాళ్లమ్మ ఇంకా అక్కడే ఉంది.

మంచి పిల్ల కదా, క్షమించేస్తుందిలే అని మీకు ఈపాటికి అనిపించి ఉంటుంది. నేనెక్కడా అలా రాయలేదు. రాసినంతే చదవండి.