వెంకటమ్మ అందుకున్న సమన్లు

దయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే, "సాక్షి ఎవరు?" అని అడిగే రకాన్ని నేను. చిన్నప్పుడు మా అమ్మీ జిన్నుల కథలు చెప్తూ అన్నం తినిపించేది. అన్నం తిన్నాను గానీ కథలు నమ్మలేదు. ఇప్పటికీ నమ్మనని చెప్పాలనే ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పశ్చిమ ప్రకాశంలో ఒక కోర్టు. ఏ ఊరో చెప్పను. అక్కడ ప్రభుత్వ లాయరు గారి ఆఫీసులో నేను గుమస్తాను. ఫైళ్ళు సర్దడం, సమన్లు ఎవరికి అందాయో చూడటం, దెబ్బలు తిన్నవాళ్ళు సాక్ష్యానికి వస్తే కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం నా పని. ఈ పనిలో అనుమానం లేకపోతే బతకలేం. కోర్టు గేటు దగ్గర సాక్షికి టీ ఇప్పించేవాడు కూడా ఊరికే ఇప్పించడు.

అంజమ్మది హనుమంతునిపాడు వైపు పల్లె. మేకలు మేపుకునే కుటుంబం. మేకలు చేలో పడ్డాయని పక్క చేను ఆసామి కట్టెతో కొడితే ఆమె ఎడమ కన్ను పోయింది. చూసింది అత్త వెంకటమ్మ ఒక్కతే. అంజమ్మ ఆస్పత్రిలో ఉంటే స్టేషనుకు పోయి ఫిర్యాదు మీద వేలిముద్ర వేసింది కూడా ఆ ముసలామే.

కేసు విచారణకు వచ్చింది. అత్తాకోడళ్ళిద్దరికీ సమన్లు వెళ్ళాయి. సమన్లకు రెండు కాపీలుంటాయి. ఒకటి సాక్షికి ఇచ్చి, రెండోదాని వెనక సంతకమో వేలిముద్రో వేయించుకుని కానిస్టేబుల్ మాకు తెచ్చివ్వాలి. సుబ్బయ్య అనే కానిస్టేబుల్ తెచ్చిచ్చాడు. కోడలి కాగితం కూడా వెంకటమ్మే తీసుకుందని రాసి, రెండిటి మీదా ఆమె వేలిముద్ర వేయించాడు. నేను టిక్కు పెట్టి ఫైల్లో పెట్టేశాను.

విచారణకు ముందు రోజు మధ్యాహ్నం అంజమ్మ ఆఫీసుకు వచ్చింది. పోలీసులకు అప్పట్లో ఏం చెప్పిందో ఒకసారి చదివి వినిపిద్దామని నేనే రమ్మన్నాను. కూర్చోగానే తేల్చి చెప్పేసింది.

"అక్కా, రేపు నాకేం గుర్తులేదంటా. పెద్దమనుషులు అట్లనే చెప్పమన్నారు. ఊర్లో బతకాల గదా."

ఆ మాట బోనులో అంటే కేసు అక్కడికే సరి. కన్ను పోగొట్టినవాడు నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. నాకు కడుపు మండింది. "నువ్వు చెప్పకపోతే మీ అత్త చెప్తుందిలే" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "మా అత్త సచ్చిపాయె గదక్కా. నలభై దినాలు దాటె."

ఫైలు తీశాను. వేలిముద్ర పక్కన తేదీ పోయిన గురువారానిది. అసలు ఆ సమన్లు తయారైందే ముసలామె పోయిన తర్వాత.

నాకు ఒళ్ళు జలదరించలేదు, ఒళ్ళు మండింది. ఇలాంటివి కొత్త కాదు. పల్లె దాకా పోవడానికి బద్ధకించి, టీ కొట్టు దగ్గర ఎవరిదో వేలు అద్దించుకుని వచ్చే మహానుభావులు ఉంటారు. అవతలి లాయరు చేతిలో పడితే ఈ కాగితం ఒక్కటి చాలు, కేసంతా దొంగకేసని అరవడానికి.

సుబ్బయ్య కోర్టు వరండాలోనే ఉన్నాడు. పిలిచి అంజమ్మ ముందే కడిగేశాను.

"నాకేం తెలుసక్కా? ఈమె ఇల్లు అడిగితే చూపించినారు. గడప మీద ముసలామె కూర్చోనుంది. వెంకటమ్మ నువ్వేనా అంటే, నేనే నాయనా అనింది. వేలు ఏసింది."

"ఇంకేమనింది?" అన్నాను వెటకారంగా.

"మా కోడలు ఒక్కతే అయితే భయపడతాది, నేను గూడా వస్తానని చెప్పు, అనింది."

ఆ మాటకు అంజమ్మ లేచి నిలబడింది. నేను మాత్రం, ఉద్యోగం పోతుందని కథ ఎంత బాగా అల్లాడు అనుకున్నాను. ఆ వెంటనే ఆమె మీద కూడా అనుమానం వచ్చింది. గురువారం ఇంట్లో ఎవరున్నారని అడిగాను.

"ఎవురూ లేరక్కా. నేనూ మా ఇంటాయన పొదిలి పోయినాం. సాయంత్రం వచ్చి చూస్తే రెండు కాగితాలు చూర్లో చెక్కి ఉండాయి. మా అత్త కాగితాలు పెట్టే చోటే. పోలీసాయన పెట్టినాడేమో అనుకుంటి."

"నేను చూరు ముట్టుకోలేదు. ఆమె చేతికే ఇచ్చినా" అన్నాడు సుబ్బయ్య.

ఇద్దరినీ పట్టేస్తానని పాత ఫిర్యాదు కాపీ బయటికి లాగాను. దాని మీద వెంకటమ్మ బతికున్నప్పటి వేలిముద్ర ఉంది. ఏటవాలుగా ఒక తెగిన గీత, కింద కొస దగ్గర చిన్న వంపు. సమన్ల మీదా అదే గీత, అదే వంపు. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి మూడుసార్లు చూశాను. నేను వేలిముద్రల నిపుణురాలిని కాదు. కానీ నాకు కళ్ళున్నాయి.

"కొడవలి తెగిందక్కా, నేను కాపురానికి వచ్చిన ఏడు" అంది అంజమ్మ. ఆ ముద్ర మీద తన వేలు ఆనించి చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "రేపు ఎన్ని గంటలకు రావాలక్కా?" అని అడిగింది.

మర్నాడు బోనులో అంతా చెప్పింది. ఎవరు కొట్టారు, ఏ కట్టెతో, ఎక్కడ నిలబడి. అవతలి లాయరు గొంతు చించుకున్నా ఒక్క మాట మార్చలేదు. కొన్ని నెలలకు వాడికి శిక్ష పడింది. ఆ రోజు నేను ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాను.

వెంకటమ్మ మరణ ధ్రువపత్రం తెప్పించి కోర్టులో వేశాం. పోయిన తేదీ అంజమ్మ చెప్పినదానికి సరిపోయింది. వేలిముద్ర కాగితం చూసి మా సారు, "ఇది చించెయ్యమ్మా" అన్నారు. చించలేదు. ఒక ఆదివారం ఆ పల్లెకు పోయి ఇరుగుపొరుగును అడిగాను. పోలీసాయన రావడం చూశారట. గడప మీద ముసలామెను ఎవరూ చూడలేదట. సుబ్బయ్యకు వెంకటమ్మ ఆధార్ జిరాక్సు చూపిస్తే, ఈమే అన్నట్టు తల ఊపి బయటికి పోయాడు. నటన అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను.

నిపుణులకు పంపితే సంగతేందో తేలిపోతుంది. దొంగముద్ర అని తేలితే, ఒక అబద్ధం విని ఏడ్చిన మనిషిని బోనెక్కించి మిఠాయి పంచిన దాన్నవుతాను. నిజమైనదే అని తేలితే, రేపటి నుంచి ఆ కాగితం ఉన్న గదిలో నేను ఒక్కదాన్నే కూర్చుని పని చేసుకోవాలి. ఈ రెండిట్లో దేనికీ నాకు ధైర్యం చాలడం లేదు. కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.