మాస్క్ అంచున అరటిపండు వాసన

బామ్మర్ది ఆ మాట నవ్వుతూనే చెప్పాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఉప్పల్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మటన్ ఎముక చప్పరిస్తూ, "మొన్న మాస్క్ టెస్ట్ పెట్టిన్రు బావ. అరటిపండు వాసన గుప్పుమన్నది. రాలేదని చెప్పిన" అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అతను నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో సాల్వెంట్లు, అంటే ఘాటైన ఆవిర్లు వదిలే రసాయన ద్రవాలు, నింపే చోట పనిచేస్తాడు. నేను అలాంటి ఫ్యాక్టరీలోనే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఆ ఆవిర్లు లోపలికి పోకుండా మాస్క్ ముఖానికి అతుక్కుని ఉండాలి. అందుకే అక్కడి మగవాళ్లు రోజూ గడ్డం గీసుకోవాలి. కొద్దిగా వెంట్రుక మొలిచినా అంచు కింద సందు పడుతుంది. అది పట్టుకోవడానికే ఆ పరీక్ష. మాస్క్ పెట్టించి, అరటిపండు వాసన వచ్చే ద్రవంలో ముంచిన దూదిని ముఖం చుట్టూ తిప్పుతారు. వాసన తెలిస్తే సందు ఉన్నట్టు. తెలిసిందో లేదో చెప్పవలసింది మాత్రం మాస్క్ పెట్టుకున్నవాడే.

"అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"నిజం చెప్తే లోడింగ్‌కు తోలుతరు. నా నడుముతోని మూటలు మోసుడు అయితదా బావ?"

"ఏందిరా, నడుముకేమైంది?" అని వంటింట్లోంచి మా ఆవిడ, అంటే అతని అక్క, అడిగింది.

"ఏం లేదక్కా" అన్నాడు. నేనూ ఏం లేదన్నాను.

అప్పుడు అతని ముఖం పరీక్షగా చూశాను. గడ్డం గీసి రెండు మూడు రోజులయినట్టుంది. దవడ కింద ఎర్రటి పొక్కులు, ఒకటి చితికి తడిగా ఉంది. గీసినప్పుడల్లా ముఖం మండిపోతోందట, అందుకే వాయిదా వేస్తున్నాడట. గీసిన తరువాత ఏం రాస్తున్నావని అడిగితే, మా అబ్బాయి వాడే నీలం సీసా పేరే చెప్పాడు. మా కుటుంబాల్లో ఆఫ్టర్‌షేవ్ అంటే సబ్బు లాంటిదే, ఎవరికి ఏది నచ్చినా అదే అందరికీ. ముందు పటిక రుద్ది, దాని మీద ఆ సీసా.

"మస్తు మండుతది బావ. మండితెనే కదా పనిచేసినట్టు!"

నా ఉద్యోగకాలంలో ఆ ఆవిరి పీల్చి మత్తెక్కిన ఒకాయనను చూశాను. ఆయన అరవలేదు, పడిపోలేదు. నవ్వుతూ వచ్చాడు, బాగానే ఉన్నానన్నాడు, ఎదురుగా ఉన్న మెట్లు మాత్రం ఆయనకు కనబడలేదు. బామ్మర్ది వెళ్లిపోయాక ఆ నవ్వే నన్ను పట్టుకుంది. ఆ వారమంతా నాచారం రోడ్డు మీద అంబులెన్స్ మోత వినబడితే గేటు దాకా వెళ్లి నిలబడ్డాను. సాయంత్రం షిఫ్ట్ దిగగానే ఫోన్ చెయ్యమన్నాను. ఫోన్ ఆలస్యమైన రోజు డైరీలో తేదీ వేసి, కింద ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను.

భయపడుతూ కూర్చోవడం నా వల్ల కాదు. మా ఇంటి మగవాళ్ల చర్మాల గురించి ఆలోచించాను. మా అబ్బాయిది జిడ్డు చర్మం, స్పిరిట్ ఉన్న ఆ నీలం సీసా వాడికి హాయి. నాది ఎండిన చర్మం, అదే రాస్తే పొట్టు లేస్తుంది, నాకు క్రీము లాంటి బామ్ కావాలి. బామ్మర్దిది తాకితే కందే చర్మం, పైగా వంకీల వెంట్రుక. దగ్గరగా గీస్తే అది తిరిగి చర్మంలోకే పెరుగుతుంది. అతనికి స్పిరిట్, పుదీనా చల్లదనం, సెంటు, మూడూ పనికిరావు.

ఉప్పల్ చౌరస్తా దగ్గర మెడికల్ షాపులో నేను ఒక్కొక్క డబ్బా వెనక అక్షరాలు చదువుతుంటే, "అంకుల్, పెండ్లిచూపులకా ఏంది?" అన్నాడు షాపతను. నవ్వలేకపోయాను.

మొదటి బామ్‌ను బామ్మర్ది చెవి వెనక చుక్క రాయించాను. సున్నిత చర్మానికని డబ్బా మీద ఉన్నా, మర్నాటికి అక్కడ ఎర్రబడింది. అందులో సెంటు ఉంది. వాసన లేని రెండోదానికి ఏమీ కాలేదు. పటిక మాన్పించాను. గోరువెచ్చని నీళ్లతో తడిపి, వెంట్రుక వాలిన వైపే గీయమన్నాను. పొక్కులు మెల్లగా అణగసాగాయి. కానీ అణిగేదాకా అతను రోజూ ఆ మాస్క్‌తోనే లోపలికి వెళుతున్నాడు. లోడింగ్‌కు మారమంటే మాట దాటేసేవాడు.

ఒక సాయంత్రం మాస్క్ పట్టుకుని ఇంటికి రమ్మన్నాను. బేకరీ సామాను అమ్మే కొట్లో అరటిపండు ఎసెన్స్ తెచ్చి ఉంచాను. మాస్క్ పెట్టించి, ఎసెన్స్ దూదిని చుట్టూ తిప్పాను. తల అటూ ఇటూ తిప్పించాను.

"వస్తుందా?"

లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఎలా నమ్మను? మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇక దాచలేక ఆ పరీక్ష ఎందుకో, అబద్ధం చెబితే ఏమవుతుందో ఆమెకు చెప్పాను. ఆమె వచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"నా మొకం సూసి చెప్పురా. వస్తుందా?"

అతను ఆమె వైపు చూశాడు. మాస్క్ లోంచి మాట ముద్దగా వచ్చింది. "ఎడమ దిక్కు... జర వస్తుందక్కా."

"మరి రేపు పోయి గదే చెప్పు. నడుం నొస్తే నేను కాపుతా. గా గాలి పీలిస్తే ఏం కాపాలె?"

మర్నాడు చెప్పాడు. లోడింగ్‌కు పంపారు. సాయంత్రాలు నడుం పట్టుకుని తిట్టుకుంటూ వచ్చేవాడు, అక్క వేడి ఇటుక గుడ్డలో చుట్టి కాపేది. ఆ తిట్లు వింటున్నన్ని రోజులు నేను గేటు దగ్గరకు వెళ్లలేదు.

చర్మం నునుపు తేలింది. మళ్లీ పరీక్ష పెట్టిన రోజు ఫ్యాక్టరీ నుంచే ఫోన్ చేశాడు. "వాసన రాలేదు బావ! రేపటి సంది మళ్ల లోపలికే."

"నిజంగనా?"

"అక్క తోడు" అని నవ్వాడు.

ఆదివారం భోజనం దగ్గర అబద్ధం సంగతి చెప్పినప్పుడు నవ్విన నవ్వే అది. "మాస్క్ తీసుకుని ఇటు నుంచి పో" అన్నాను. ఫోన్ పెట్టేసి దూది, ఎసెన్స్ సీసా బల్ల మీద ఉంచాను. మా ఆవిడ ఏమీ అడగకుండా కుర్చీ తెచ్చి, అతను కూర్చునే చోటికి ఎదురుగా వేసుకుంది.